స్వెల్ అంటే వాపు కాదు

మూడో కోటు పొట్టలో దూది కూరుతూ కాజాలావిడ ఆగిపోయింది. కూరడానికి చోటుంది, పక్కన సంచిలో దూదీ ఉంది, కానీ చెయ్యి సాగలేదు. ఇలాంటి పొట్టలు రెండు ఇప్పటికే కుట్టి గోడకి తగిలించింది. లోపల మనుషులు లేకుండానే అవి రెండూ భోంచేసి నిలబడ్డట్టు ఉన్నాయి.

అది మంగళవారం మధ్యాహ్నం. ఆ కుట్టుపని కొట్లో కిటికీ దగ్గర, వెలుతురంతా పడేచోట, ఎత్తుగా కటింగ్ బల్ల ఉంది. దాని వెనకాల మాస్టరు. ఆయన ఆవిడకి స్వయానా బావగారు, భర్తకి అన్న. మధ్యలో రెండు మెషిన్లు. ఒకదాని మీద ఆవిడ భర్త కూర్చుంటాడు, రెండోదాని మీద పని ఎక్కువైనప్పుడు ఆవిడే కూర్చుంటుంది. తక్కినప్పుడు ఆవిడ చోటు అన్నిటికంటే వెనక, కుళాయి పక్కన పొట్టి స్టూలు మీద. కాజాలు, గుండీలు, హెమ్మింగు, పదకొండేళ్ళుగా అదే పని. అందుకే వీధిలో అందరికీ కాజాలావిడ అయింది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆ కొట్లో రాసిపెట్టలేదు గానీ, బల్ల మీది కత్తెర ఇంతవరకు స్టూలు దాకా రాలేదు.

పోయిన వారం మాస్టరు ఒక కబురు చెప్పాడు. ఒకటో తారీఖు నుంచి పెద్దబజారు కొట్లో పనిచేసే కటింగ్ ఆయన ఇక్కడికి వచ్చేస్తున్నాడట. ఆ మాట వినగానే ఆవిడకి ప్రాణం ఉసూరుమంది. ఇంటిల్లిపాది బట్టలూ కోసేది ఆవిడే. చుట్టుపక్కల వాళ్ళు కూడా గుడ్డ తెచ్చి, మాస్టరు చూడకుండా ఆవిడ చేతిలో పెట్టి వెళ్తుంటారు. కొత్తాయన ఎందుకు బావగారూ, నేను కోస్తాను కదా అని అడిగేసింది. అడగడానికి పదకొండేళ్ళు పట్టింది. జవాబుకి అరనిమిషం కూడా పట్టలేదు.

"కాజాలు కుట్టడం వేరు, కోయడం వేరు. ఎవరి అంతస్తులో వాళ్ళుండాలి," అన్నాడాయన, తలెత్తకుండానే.

అంతస్తు అన్న ఆ మాట ఆవిడ గొంతులో ఇప్పటికీ అడ్డంగానే ఉంది.

ఇక ఈ పొట్టల సంగతి. ఊళ్ళోని నాటకాల కంపెనీ మేనేజరు పది రోజుల కిందట వచ్చి, పాతకాలపు ఇంగ్లీషు హాస్యనాటకం వేస్తున్నామని, దానికి దుస్తులు కావాలని చెప్పి, ఒక జాబితా గబగబా చదివి బల్ల మీద పెట్టి పోయాడు. ఎవరికి ఏ వేషమో ఇంకా తేల్చలేదు, తొమ్మిదిమంది కొలతలు ఇస్తున్నాను, కుట్లలో గుడ్డ ఎక్కువ వదలండి, శనివారం ట్రయల్‌కి వచ్చి సరిచేసుకుందాం అన్నాడు. ఇవి నచ్చితే ఇకమీద కంపెనీ దుస్తులన్నీ ఇక్కడేనని కూడా అన్నాడు.

మాస్టరుకి ఇంగ్లీషు రాదని ఎవరూ అనలేదు. వచ్చని ఆయనే అన్నాడు. జాబితా మొదట్లో 'కౌంట్ 1' అని ఉంది. కౌంటంటే లెక్క, అది జాబితాకి తలకట్టు అని కొట్టేశాడు. స్క్వైర్ ఒకటి, అంటే పెద్దమనిషి. ఆయన సొరుగులో ఉన్న అరచెయ్యంత నిఘంటువులో ఆ మాట దొరికింది. యోమన్ ఒకటి. అది దొరకలేదు గానీ చివర మ్యాన్ ఉంది కాబట్టి మగవాడేనని తేల్చి మామూలు చొక్కా ఒకటి కోశాడు. బో ఒకటి. మేనేజరు చదివినప్పుడు చెవికి పట్టింది అంతే, మెడకి కట్టే బో టై ఒకటి కావాలన్నమాట, అరగంటలో అయిపోయింది. ఫాప్ అంటే సొగసుకాడని చిన్న నిఘంటువే చెప్పింది. స్వెల్ మూడు. స్వెల్ అంటే ఉబ్బు, వాపు. హాస్యనాటకం అన్నాక ముగ్గురు బొజ్జలవాళ్ళు ఉండకుండా ఎలా ఉంటారు? అందుకే ఈ దూది.

చిట్టచివర 'పేజ్ 2' అని ఉంది. జాబితాకి రెండో పేజీ ఉంది కాబోలు, ఇవ్వడం మర్చిపోయారని మాస్టరు ఫోను చేశాడు. అవతల మేనేజరు నొచ్చుకుంటూ, పేజీ ఒకటే దొరికిందండీ, రెండోది ఇంకా వెతుకుతున్నాం, శనివారం లోపు ఎలాగైనా పట్టుకొస్తాం అన్నాడు. మాస్టరు ఫోను పెట్టేసి, కాగితాలు పారేసుకునేవాళ్ళు నాటకాలేం ఆడతారని విసుక్కున్నాడు.

కాజాలావిడ చెయ్యి ఆగింది లెక్క దగ్గర. కొలతలు తొమ్మిది. మాస్టరు లెక్కన మనుషులు ఆరుగురు. మిగిలిన ముగ్గురు ఎవరు? పైగా తొమ్మిది చీటీల్లో ఒక్కడి నడుమూ ముప్ఫై నాలుగు దాటలేదు.

దారం తెస్తానని చెప్పి, జాబితా కాగితం చాటుగా కొంగున దోపుకుని బయటికొచ్చి పక్క కొట్లోకి దూరింది. అది పుస్తకాల బైండింగు కొట్టు. అక్కడి ముసలాయన్ని అందరూ బైండింగు బాబాయి అంటారు. వెన్ను ఊడిపోయి కుట్టుకి వచ్చిన పెద్ద ఇంగ్లీషు నిఘంటువొకటి ఆయన దగ్గర వారంగా పడి ఉందని ఆవిడకి తెలుసు. అర్థాలు తెలుగులోనే ఉన్నాయి. సగం కుట్టిన కట్టల్ని ఒక్కొక్కటే తీసి, చేతికంటిన జిగురు లుంగీకి తుడుచుకుని, బాబాయి వెతకడం మొదలుపెట్టాడు.

స్వెల్ దగ్గర ఉబ్బు, వాచు, పొంగు, ఎగయు అని పద్నాలుగు వరసలున్నాయి. వదిలేద్దామనుకునేలోపు పదిహేనో వరసలో దొరికింది: ఖరీదైన దుస్తులు ధరించి దర్జాగా తిరిగే పెద్దింటి మనిషి, షోకిల్లా. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ కళ్ళముందు మూడు పొట్టలూ వరసగా కదిలాయి.

తర్వాత ఒక్కొక్కటీ బయటపడ్డాయి. కౌంట్ అంటే లెక్క, విడిగా ఇంకో చోట దొర, ప్రభువు. మాటలు చాలకనా ఏమిటమ్మాయ్, దొరగార్నీ లెక్కనీ ఒకే మాటతో పిలుస్తారు అని బాబాయి నవ్వాడు. స్క్వైర్ ఊళ్ళో పెద్ద భూస్వామి, కామందు. యోమన్ సొంత పొలం ఉన్న రైతు. కామందు ముందు చేతులు కట్టుకోనక్కర్లేదు, అలాగని ఆయన పక్కన కుర్చీ వేసుకునేంతవాడూ కాదు. పేజ్ అంటే పుట, ఇంకా ప్రభువుల వెంట తిరిగే పరిచారకుడు.

బో దగ్గరా ఫాప్ దగ్గరా మాత్రం ఇద్దరికీ చిన్న తగువైంది. ఇద్దరూ సొగసుకాళ్ళే కదా, తేడా ఏముందన్నాడు బాబాయి. ఆవిడ అర్థాల్ని మళ్ళీ చదివించుకుంది. బో ఆడవాళ్ళు చూడాలని ముస్తాబయ్యేవాడు. ఫాప్ అద్దంలో తననే చూసుకునేవాడు, ముస్తాబు ఎక్కువ, తెలివి తక్కువ. వాడు సోగ్గాడు, వీడు సోకులరాయుడు అంది. మరి షోకిల్లా? వాడికి వీధిలో నలుగురూ చూస్తే చాలు, ఆ నలుగురూ ఎవరైనా ఫరవాలేదు. ఇన్ని రకాల మగవాళ్ళు నీకెక్కడ తగిలారని బాబాయి అడిగాడు. పదకొండేళ్ళ నుంచి వాళ్ళకి గుండీలు కుడుతున్నానుగా అందావిడ.

అట్ట మీద తెలుగులో అన్నీ రాసుకుంది. మీ బావగారికి నువ్వు చెబుతావా, పచ్చిగా నమిలేస్తాడు అని బాబాయి హెచ్చరించాడు.

చెప్పకపోతే ఏమవుతుందని ఆ సాయంత్రమంతా ఆలోచించింది. శనివారం మేనేజరు వస్తాడు, పొట్టలు చూస్తాడు, నలుగురి ముందు మాస్టరు పరువు పోతుంది. పోనీ, పోతే పోనీ అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడింది గానీ, ఆ ఊహలో కొంచెం రుచి లేకపోలేదు. అయితే కంపెనీ పని పోయేది కొట్టుకి, కొట్టులో భర్తా ఉన్నాడు, తనూ ఉంది. చెబితే, కాజాలావిడ మాస్టరుని తప్పుపట్టిందని ఉన్న స్టూలు కూడా ఉండకపోవచ్చు. భర్తని అడిగితే ఆయన నీళ్ళు నమిలాడు. శనివారం దాకా ఆగుదాం, ఏదైనా తేడా వస్తే అన్నయ్యే చూసుకుంటాడన్నాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఆయన ధైర్యం అదే.

బుధవారం పొద్దున్నే, మాస్టరు ఒక్కడే ఉండే వేళకి, ఆవిడ కొట్టుకి వచ్చింది. ఆయన బల్ల తుడుస్తున్నాడు. చొక్కాకి ఇస్త్రీ మడతలు కత్తుల్లా ఉన్నాయి. అరవై దగ్గర పడుతున్నా ఆ సోకుకి లోటు లేదు. బావగారూ, ఒక మాట అంటే, దారం కావాలా అన్నాడు.

"దారం కాదండీ. స్వెల్ అంటే వాపు కాదట. షోకిల్లా అట."

ఎవరన్నారని అడిగాడు. నిఘంటువులో ఉందంది. నా దగ్గరున్నదీ నిఘంటువేనన్నాడు. మీది చిన్నదండీ అనేసి నాలిక కరుచుకుంది. ఆయన మొహం ఎర్రబడింది. కాజాలు కుట్టి కుట్టి ఇప్పుడు నాకు ఇంగ్లీషు నేర్పేదాకా వచ్చావన్నమాట అని గొంతు పెంచాడు. అయినా ఆవిడ వెనక్కి తగ్గకుండా చేతిలోని అట్ట బల్ల మీద పెట్టింది.

"తొమ్మిది కొలతలున్నాయి బావగారూ. మీ లెక్కకి ఆరుగురే. తక్కిన ముగ్గురిలో ఒకడు కౌంటు, ఒకడు బో, ఒకడు పేజీ. పేజీ అంటే కాగితం కాదు, మనిషి. రెండోవాడు ఇంకా దొరకలేదు. అదే ఆయన ఫోన్లో చెప్పింది."

మాస్టరు పెదవులు కదిలాయి. ఫోన్లో విన్న మాటని ఆయన మనసులో మళ్ళీ విన్నట్టున్నాడు. తర్వాత గోడ మీది కోటొకటి లాగి, పొట్ట కుట్టు పర్రున చింపి, దూదంతా కింద పారేసి, ముందు ముక్కని బల్ల మీద పరిచాడు. టేపు పెట్టాడు, సుద్ద గీత గీశాడు, కత్తెర తీశాడు. కత్తెర గీతకి రెండు వేళ్ళు ఇవతల దిగింది.

కోపంలో జారింది కాబోలు అనుకుంది ఆవిడ. ఆయన మళ్ళీ సరిచేసుకుని పెట్టాడు. మళ్ళీ గీతకి ఇవతలే పడింది. అప్పుడావిడ రెండో ముందు ముక్క తీసి దీని పక్కన పెట్టి చూసింది. ఎడమ ముక్క కుడిదానికంటే అంగుళం పైగా వెడల్పు, చంక దగ్గర కోత వంకర. దూది నిండి ఉన్నంతసేపూ అది ఎవరికీ కనపడలేదు. తన చేత్తో దూది కూరిన తనకే కనపడలేదు.

ఆవిడ ఆయన చేతిని పట్టుకోలేదు, తప్పుపట్టి ఏమీ అనలేదు. గుడ్డ మీద వేలు పెట్టి, గీత ఇక్కడుందండీ అని మాత్రం అంది.

మాస్టరు కత్తెర కింద పెట్టాడు. ఎత్తుపీట మీద కూర్చుని, తెల్లగా సుద్ద అంటిన వేళ్ళు చూసుకున్నాడు.

"ఆర్నెల్లయింది నాకు గీత కనపడక. నిఘంటువు కళ్ళకి ఆనించుకుని స్వెల్ అంటే వాపని చదివినప్పుడు ప్రాణం లేచొచ్చిందమ్మా. దూది పెడితే వంకర తెలీదు కదా."

ఆవిడ పదకొండేళ్ళ కోపం మూటగట్టుకుని వచ్చింది, దింపుకోవడానికి చోటు లేకుండా పోయింది. జాలి వేసింది. జాలి వేసినందుకు మళ్ళీ కోపం వచ్చింది. ఆ రెండిటి మధ్య నుంచే, అడగాలనుకున్న ప్రశ్న బయటికి వచ్చింది. అయితే నన్నెందుకు కాదన్నారు, బయటాయన్ని ఎందుకు పిలిచారు?

ఆయన దాచలేదు. నువ్వు ఇంట్లో మనిషివి, పక్కన నిలబడ్డ మొదటిరోజే పట్టేస్తావన్నాడు. కొత్తవాడైతే మాస్టరు పెద్దవాడయ్యాడు, పని నాకు వదిలేశాడని అనుకుంటాడు, కళ్ళు పోయాయని అనుకోడు. నువ్వు కోస్తావని నాకు తెలీదా, మా పిల్లల బట్టలు ఎవరు కోశారో కుట్టు చూస్తే తెలీదా అన్నాడు. ఈ ముక్క ఆరోజే చెప్పొచ్చు కదా అని ఆవిడకి అనిపించింది. అంతస్తు అన్న మాట ఆయన ఎక్కడినుంచి తెచ్చాడో ఇప్పుడు తెలిసింది, అది తన ఎత్తు కొలవడానికి అన్న మాట కాదు. తెలిశాక కూడా నొప్పి పూర్తిగా పోలేదు. సగం పోయింది.

"కత్తెర తీసుకో. నేను గుడ్డ పట్టుకుంటాను," అన్నాడు మాస్టరు.

భర్త వచ్చేసరికి ఆవిడ కిటికీ దగ్గర బల్ల వెనకాల ఉంది. ఆయన గుమ్మంలోనే నిలబడి, అన్నయ్యా అన్నాడు. నీ కుట్టు నువ్వు చూసుకో అని జవాబొచ్చింది. ఆ పూట మెషిను మీద రెండు కుట్లు వంకరపోయాయి, విప్పి మళ్ళీ కుట్టుకున్నాడు.

రెండున్నర రోజులు కోత సాగింది. మొదటి గంట ఆవిడ చెయ్యి భయపడింది. ఇంట్లో చాటుగా కోసే చేతికి కొట్టు బల్ల మీద ఆ పెద్ద కత్తెరతో దిగడం కొత్త. తర్వాత కత్తెర బరువు అలవాటైంది. ముందు స్క్వైర్ కోటు వంకరలు సరిచేసింది. పొట్టలు విప్పిన మూడు కోట్ల గుడ్డలోంచే షోకిల్లాల కోట్లు తీసింది. ఛాతీ మీద మడత పడే ల్యాపెల్ వెడల్పు పెంచి, దానికి మెరుపు గుడ్డ వేసింది, వీధి చివర నుంచి కూడా కనపడాలని. బోకి నడుము దగ్గర రెండంగుళాలు లోపలికి తీసి భుజం కొంచెం లేపింది. ఫాప్ కోటు మాస్టరు ఇదివరకే కోశాడు. చేతికి కంఠస్థమైన కోత కాబోలు, అది ఒక్కటి మాత్రం బాగుంది, గుండీలు పద్దెనిమిది. ఇన్ని ఎందుకని అడిగితే, ఇరవై రెండేళ్ళప్పుడు నా కోటుకి ఇరవై ఉండేవన్నాడు. ఫాప్ అంటే ఏమిటో ఆయనకి ఏ నిఘంటువూ చెప్పనక్కర్లేదని తేలిపోయి, మెషిను దగ్గర తమ్ముడు కూడా నోరు తెరిచి నవ్వాడు.

యోమన్ దగ్గర ఇద్దరూ వాదించుకున్నారు. మామూలు చొక్కా చాలన్నాడు మాస్టరు. చాలదంది ఆవిడ. సొంత పొలం ఉన్నవాడు, వాడి చొక్కాకి మెరుపు అక్కర్లేదు గానీ మోచేతుల దగ్గర గట్టిగుడ్డ ఉండాలి, కాలరు నిలబడాలి. కామందు ఎదురుగా వచ్చినప్పుడు వాడు తల దించకూడదు. మాస్టరు కాలరులో పెట్టడానికి కాన్వాసు ముక్క అందించాడు. పేజీలకి ఒకే రకం కోట్లు రెండు కోసింది. రెండోదానికి కొలత లేదు, అందాజుగా కోసి కుట్లలో గుడ్డ బాగా వదిలింది. కౌంటు కోటు చివరికి ఉంచింది. దానికి నగిషీ ఏమీ పెట్టలేదు. దొర అయినవాడు దొరనని చూపించుకోవాల్సిన పని లేదు, గుడ్డ వొంటి మీద ముడత లేకుండా పడితే చాలు. అలా పడేలా కోయడమే అన్నిటికంటే కష్టం, దానికే ఒక పూట పట్టింది.

శుక్రవారం పొద్దున మాస్టరు బైండింగు బాబాయిని తోడు తీసుకుని కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడు. వెళ్ళమని మూడుసార్లు చెప్పింది ఆవిడే. శుక్లాలట, తీసేస్తే చూపు వస్తుందట అని, చొక్కా ఎల్లుండికి ఇస్తాను అని చెప్పేటప్పటి గొంతుతోనే చెప్పాడు. కళ్ళు పూర్తిగా పోతున్నాయనుకున్నాను అన్నాడు. ఆర్నెల్లుగా ఆయన రోజూ ఆ భయంతో వచ్చి కొట్టు తాళం తీశాడన్నమాట. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది, ఆయన ఒక్క గుక్కలో తాగేశాడు.

శనివారం మధ్యాహ్నం మేనేజరు నటుల్ని వెంటేసుకుని వచ్చాడు. ఇరుకు కొట్లో పదిమంది ఒకేసారి చొక్కాలు విప్పేసరికి నిలబడ్డానికి చోటు లేకపోయింది. కాజాలావిడ అలవాటుగా కుళాయి పక్కకి తప్పుకుంది. మోచేతులు కడుపుకి ఆనించుకుని చూస్తూ నిలబడింది. మాస్టరు బల్ల దగ్గర, టేపు మెళ్ళో వేసుకుని, ఎప్పట్లాగే ఉన్నాడు.

యోమన్ వేషం వాడు కాలరు సర్దుకుని తలెత్తి చూశాడు. షోకిల్లాలు ముగ్గురూ అద్దం కోసం తోసుకున్నారు. కౌంటు వేషగాడు బక్కపల్చటి మనిషి, కొద్దిగా వంగి నడుస్తాడు. కోటు వేసుకుని గుండీ పెట్టుకున్నాక వంగలేదు. మేనేజరు వెనక్కి రెండడుగులు వేసి చూసి, చుట్టూ తిరిగి చూసి, భుజం దగ్గర కుట్టు వేలితో తడిమాడు. ఇది మీ చెయ్యి కాదే మాస్టరుగారూ, మీ కోతలో భుజం ఇలా పడదు, పెద్దబజారు నుంచి కొత్తాయన వస్తున్నాడని విన్నాను, ఆయనేనా అని అడిగాడు.

కొట్లో సందడి తగ్గింది. భర్త మెషిను చక్రం మీద చెయ్యి వేసి ఆపాడు. ఆ చెయ్యి నాదేనని మాస్టరు అనొచ్చు. కాదనే ధైర్యం ఆ కొట్లో ఎవరికీ లేదు, ఆవిడకీ లేదు. అవును ఆయనేనని కూడా అనొచ్చు, అప్పుడు అసలు ఏ గొడవా ఉండదు, ఒకటో తారీఖున ఆయన వచ్చి ఈ బల్ల వెనక నిలబడతాడు. మాస్టరు మెళ్ళో టేపుని ఒకసారి రెండు చేతులతో సవరించుకున్నాడు.

"కాదండీ, ఆయన్ని నిన్ననే వద్దన్నాను. ఇవి మా మరదలు కోసింది. ఇక్కడ కటింగు మాస్టరు ఆవిడే," అన్నాడు.

అని, టేపు మెళ్ళోంచి తీసి, ఆవిడ ఏ వైపు నిలబడిందో సరిగ్గా కంటికి ఆనక, గొంతు సవరించుకుంటూ మనుషుల మీదుగా చెయ్యి చాపాడు. ఆ చెయ్యి ఆవిడకి జానెడు పక్కగా వచ్చి ఆగింది. ఆవిడ ఆ జానెడూ జరిగి టేపు అందుకుంది.

మేనేజరుకి ఆశ్చర్యపడే తీరిక లేదు. ట్రయల్ అయ్యాక అతనికి ఇంకో చోట పనుంది. ఇప్పుడే దొరికిన రెండో పేజీ ఒకాయన ఇంకా కోటులోకి దూరలేక అవస్థ పడుతున్నాడు. అయితే మాస్టరుగారూ, ఈయన్ని కాస్త చూడండి అన్నాడు మేనేజరు. ఆవిడ వెనక్కి తిరిగి బావగారి వైపు చూసింది. ఆయన అప్పటికే కౌంటు వేషగాడికి కుర్చీ జరుపుతూ, తనని కాదన్నట్టు నిమ్మళంగా ఉన్నాడు.

పదిమంది మధ్యలోంచి ఆవిడ ముందుకి వచ్చింది. రెండో పేజీ నడుము చుట్టూ టేపు వేసింది. అతను కొలత తగ్గాలని కడుపు లోపలికి లాక్కుని బిగుసుకుపోయాడు.

"ఊపిరి బిగబట్టకండి. వదిలేయండి, గుడ్డ చాలా ఉంది," అంది.

అతను వదిలాడు. వారం నుంచి బిగబట్టిన ఊపిరి ఆవిడా వదిలేసి, సుద్ద తీసుకుని గీత గీసింది.